కొయ్యకాళ్లలో సోమమ్మ

చివ్వెంల మీదుగా పోయే బస్సులోంచి చూస్తే సోమమ్మ రోజూ కనిపిస్తుంది. భుజాన గొంగడి, బొడ్లో సెల్‌ఫోను, ముందు నలభై గొర్రెలు. మందను విప్పేముందు గుప్పెడు దుమ్ము పైకెత్తి వదిలి, గాలి ఎటు పోతోందో చూస్తుంది. ఒకప్పుడు గాలిలో వాన జాడ వెతికేది. ఇప్పుడు పొగ ఎటు నుంచి వస్తుందోనని భయపడుతుంది. మిషన్‌తో వరి కోయించిన రైతులు గడ్డిని చేలోనే కాల్చేస్తున్నారు. ఆ పొగకు గొర్రెపిల్లలు దగ్గి దగ్గి పాలు కూడా తాగవు.

పోయిన వారం ఒక చేలో మంద ఇంకా కొయ్యకాళ్ల మధ్య, కోసిన వరి మొదళ్లు మేస్తుండగానే ఆ చేను ఆసామి నర్సిరెడ్డి అగ్గిపెట్టె పట్టుకొని వచ్చాడు. "మందను తోలుకపో సోమమ్మా. వానలు లేటయినయి, కోతలు లేటయినయి. ఇగ కాల్చకుంటే యాసంగి నాట్లు ఎప్పుడేస్త?"

ఈ చేనూ కాలితే గొర్రెలకు రేపటి మేత లేదు. సోమమ్మ కదల్లేదు. "వాన మన చేతుల లేదు పటేలా. అగ్గిపుల్ల నీ చేతులనే ఉన్నది గదా. జర మూడు దినాలు ఆగు. మంద రాత్రిళ్లు గీడనే పంటది, దాని పెంట నీకు ఎరువైతది. మిగిలిన గడ్డి దున్నితే మట్టిల కలుస్తది."

నర్సిరెడ్డి "మూడు దినాలే" అని, అగ్గిపెట్టె జేబులో వేసుకొని వెళ్లిపోయాడు. అన్నట్టే నాలుగోనాడు ట్రాక్టర్‌తో దున్నించాడు. అదే పొద్దున రోడ్డవతల మరో చేలో పొగ లేచింది. ఆ రైతెవరో సోమమ్మకు తెలియదు. మందను గట్టున నిలిపి, గబగబా అటు నడిచింది.