ఎండురొయ్యల బీరువా

తెనాలిలో పాత సామాను కొనాలంటే మస్తానయ్య కొట్టుకే వెళ్లమనేవాళ్లు. అతని దగ్గర కొన్న కుర్చీకి నల్లులుండవని, బీరువాకి కంపుండదని పేరు. ఏ ఇంట్లో సామాను అమ్మకానికి వచ్చినా వెళ్లి, ముందు సొరుగు లాగి వాసన చూసేవాడు. "ఇందులో చుట్టలు దాచారు. ఈ అడుగుచెక్క కింద ఎలక చచ్చింది," అని వరసగా చెప్పేవాడు. తర్వాత కుంకుడు నీళ్లతో కడిగి, నాలుగెండలు ఎండబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, లోపల బొగ్గులు పెట్టి మూసేవాడు. సాంబ్రాణి పొగ మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "వాసనని వాసనతో కప్పితే వారానికల్లా మళ్లీ లేస్తుందండి. దాన్ని బయటికి పంపాలి," అనేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఏడు వేసవిలో అతనికి పెద్ద జ్వరం తగిలింది. పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. కోలుకుని కొట్టు తలుపులు తీసిన రోజు, లోపల అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాడు. ఇరవై ఏళ్లుగా తలుపు తీయగానే మొహాన కొట్టే టేకుపొట్టు, లక్క, స్పిరిటు వాసన లేదు. లక్క సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లేదు. ఇంటికెళ్లి ఇంగువ డబ్బా తెరిచాడు, కర్పూరం నలిపాడు, నిమ్మాకు తుంచాడు. ఏదీ తెలియలేదు.

ఎవరికీ చెప్పలేదు, భార్య పేరంటాలుకి కూడా. చెబితే బేరాలు పోతాయని ఒక భయం. బయటపెడితే ఇక ఎన్నటికీ తిరిగి రాదేమోనని ఇంకొక పిచ్చి భయం. ఒకచోట నిలవలేకపోయేవాడు. పొద్దున్నే మూడుసార్లు కాలవ గట్టుకి వెళ్లొచ్చేవాడు. పూలమ్మే మనిషి గంప దగ్గర ఆగి, మల్లెమొగ్గలు ముక్కుకి ఆనించుకుని, ఆమె చూడగానే అక్కడే పెట్టేసి కదిలేవాడు.

ఆ రోజుల్లోనే బాపట్లలో వేలానికొచ్చిన టేకు బీరువా ఒకటి కొన్నాడు. అలవాటుకొద్దీ తల లోపలికి దూర్చాడు. కడగడం, ఎండబెట్టడం అన్నీ మామూలుగానే చేశాడు. కానీ వాసన పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? కొట్టుకొచ్చిన వాళ్లని "పాలిషు ఎలా కుదిరిందో కాస్త దగ్గరికొచ్చి చూడండి," అని పిలిచి వాళ్ల మొహాలు గమనించేవాడు. కొత్త లక్క ఘాటులో ఎవరికీ ఏమీ తెలియలేదు. రేపల్లెలో టీచరుగా పనిచేసే విజయమ్మగారు చూసి, నచ్చి, లారీ మీద వేయించుకుని వెళ్లారు.

లారీ కదిలిన దగ్గర్నుంచి అతనికి కాలు నిలవలేదు. రంపం పట్టుకుంటే గీత వంకరపోయింది. అన్నం ముందు కూర్చుని సగంలో లేచాడు. ఆదివారం నాడు ఇక ఉండబట్టలేక రేపల్లె రైలెక్కాడు.

విజయమ్మగారు అప్పటికే చర్చి నుంచి వచ్చేశారు. పెరట్లో దండెం నిండా ఆవిడ చీరలు ఆరేసి ఉన్నాయి. చూడగానే మస్తానయ్యకి సంగతి అర్థమైంది.

"మీకే కబురు చేద్దామనుకుంటున్నా మస్తానయ్యగారూ. ఆ బీరువాలో ఎండురొయ్యలు పోసేవాళ్లా ఏంటి? ఇవాళ చర్చిలో నా పక్కన కూర్చున్నావిడ లేచి వెనక్కెళ్లి కూర్చుంది."

"తెలియదండి."

"మీకు తెలియకపోవడమేంటి? తెనాలంతా మీ ముక్కు గురించే చెబుతారు కదా."

అతను వీధి వైపు చూశాడు. "నాకు వాసన తెలియడం లేదమ్మా. జ్వరం వచ్చినప్పట్నుంచీ అంతే. మా ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు."

ఆవిడకి కోపం పోలేదు కానీ, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు. "తాగి పని మొదలుపెట్టండి. ఎక్కడుందో నేను చెబుతా," అన్నారు.

ఒక్కో అర దగ్గరా వంగి వాసన చూశారు. "పైన లేదు. ఇక్కడ కొంచెం. ఇదిగో, ఇక్కడే."

అది కింది అర వెనక మూల. మస్తానయ్య వెనక పలక ఊడదీస్తే, రెండు చెక్కల సందులో గట్టిపడ్డ రొయ్యపొట్టు గుప్పెడు బయటపడింది. ఆ బీరువా ఒకప్పుడు అడవులదీవి వైపు ఏ చేపల వర్తకుడి ఇంట్లోనో ఉండి ఉంటుంది. గోకి, కడిగి, పలక ఎండలో పెట్టాడు.

"ఇప్పుడు?"

"ఇంకా ఉంది."

మళ్లీ కడిగాడు. ఇంకొకరు చెప్పేదాకా చేతులు కట్టుకుని నిలబడటం అతనికి కడగడం కంటే కష్టమైంది. ఆ వారమంతా బడి వదిలే వేళకి రైల్లో వెళ్లి పని చేసొచ్చాడు. శనివారం ఆవిడ చీరలు తిరిగి లోపల సర్దుకున్నారు.

ఆ రోజు ఇంటికొచ్చి పేరంటాలుతో చెప్పేశాడు. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నాకు తెలుసయ్యా. ఆమధ్య పప్పు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, నువ్వు గుమ్మంలో కూర్చుని ఇంకా వంట కాలేదా అన్నావు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశా. చెప్పవు, కూర్చోవు, తిరుగుతూనే ఉంటివి."

మర్నాటి నుంచి పేరంటాలు వంట ముగించి కొట్టుకి రావడం మొదలుపెట్టింది. రెండెండలు చాలని అతను అనుకున్నదానికి ఆరెండలు కావాలనేది. అతను విసుక్కునేవాడు కానీ, ఆమె మాట దాటేవాడు కాదు. పదేళ్లు అలాగే నడిచింది. అతనికి వాసన తిరిగి రాలేదు.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చాక, సముద్రపు నీళ్లలో, బురదలో నానిన మంచాలు, బెంచీలు కడిగించుకోవడానికి జనం బండ్ల మీద అతని కొట్టుకి తెచ్చారు. పేరంటాలు కొంగు ముక్కుకి కట్టుకున్నా దగ్గరికి రాలేకపోయింది. పనివాళ్లిద్దరు వాంతులు చేసుకుని వెళ్లిపోయారు. మస్తానయ్య ఒక్కడే వాటి మధ్య కూర్చుని నెల పైగా కడిగాడు. చూసినవాళ్లు అతని ఓర్పుని మెచ్చుకున్నారు. అతను చెక్క పగుళ్లలోంచి బురద తీస్తూ మధ్యలో ఆగి, వంగి, గట్టిగా ఊపిరి పీల్చి చూసేవాడు. లేచి వీధి చివరిదాకా నడిచి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

తన మంచం తీసుకెళ్లడానికి పిట్టలవానిపాలెం నుంచి శివరామయ్య అనే రైతు వచ్చాడు. "వాసన పోయిందంటారా?" అని అడిగాడు.

"ఉండండి, మా ఇంటామెని పిలుస్తా," అని మస్తానయ్య లేచాడు.