రెండు వీడియో గేములు, నాలుగు రోజుల పోటీ

అన్నయ్య పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది మా నాన్న ఒక పొరపాటు చేశాడు. ఫస్టు క్లాసులో పాసైతే వీడియో గేము కొనిస్తానని అందరి ముందూ అన్నాడు. అన్నయ్య చదువు మీద ఆయనకున్న నమ్మకం అంతంత మాత్రం కాబట్టి ఆ మాట తేలిగ్గానే అనేశాడు. ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో నంబరు మూడుసార్లు వెతికాడు. నాలుగోసారి కళ్లజోడు తుడుచుకుని చూశాడు. నంబరు ఫస్టు క్లాసు వరసలోనే ఉంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. మాది గుంటూరుకు బస్సులో గంట దూరం. మిరప, పత్తి తప్ప మా ఊళ్లో వేరే మాట ఉండదు. మర్నాడే అన్నయ్య నాన్నను బస్సెక్కించాడు. వాళ్లతో నేనూ వెళ్లాను. నన్నెవరూ రమ్మనలేదు, కానీ ఎనిమిదో తరగతిలో నాకొచ్చిన మార్కులు అన్నయ్య మార్కులకంటే ఎక్కువ కాబట్టి నాకూ ఇందులో వాటా ఉందని నా లెక్క.

గుంటూరులో రేడియోలు, ఇస్త్రీ పెట్టెలు అమ్మే కొట్టాయన నాన్నకు బాగా తెలుసు. వాళ్ల పొలమూ మా పొలమూ పక్కపక్కనే. ఆయన బల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు. ఒకటి నల్లది. రెండు రిమోట్లు, ఒక ఎర్ర ప్లాస్టిక్ తుపాకీ దాంతో వస్తాయి. టీవీలో బాతులు ఎగురుతుంటే ఆ తుపాకీతో కొట్టాలి. అన్నయ్య చూపు దాన్ని వదల్లేదు. రెండోది తెల్లది. అచ్చం కంప్యూటర్ లాగా దాని ఒంటి నిండా అక్షరాల మీటలు. ఆటలూ ఉన్నాయి, టైపింగ్ పాఠాలూ ఉన్నాయి. నా చూపు దాన్ని వదల్లేదు.

నాన్న రెండింటిలోనూ ఆటలుండే క్యాసెట్లు తీసి, ఒకదాని తర్వాత ఒకటి చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించాడు. ఎండుమిర్చి కొనేటప్పుడు అలాగే చూస్తారు. కాయ బాగా ఎండితే లోపల గింజలు మోగుతాయి.

"ఏం చప్పుడు రావట్లేదే. లోపలేం లేదల్లే ఉంది," అన్నాడు.

"చప్పుడొస్తేనే పాడైనట్టు బావా," అన్నాడు కొట్టాయన.

"రెంటిలో ఏది మంచిది?"

"రెండూ మంచివే."

అక్కడే చిక్కొచ్చింది. రెండూ మంచివే అన్న మాట నాన్న జీవితంలో ఒప్పుకోడు. విత్తనాల కంపెనీలవాళ్లు మా చేలో ఒక పక్క ఒక రకం, ఇంకో పక్క ఇంకో రకం వేయించి చూపించేవాళ్లు. దాన్ని డెమో అనేవాళ్లు. ఆ అలవాటు కొద్దీ నాన్న, "రెండూ ఇంటికి తీసుకుపోతా. నాలుగు రోజులు చూసి ఒకటి ఉంచుకుని ఒకటి తెచ్చిస్తా," అన్నాడు. కొట్టాయన కాసేపు నసిగాడు. కానీ పొలం గట్టు పంచుకునేవాడితో పేచీ ఎందుకనుకున్నాడేమో, రెండూ కట్టిచ్చాడు.

ఇంటికి రాగానే నాన్న షరతులు చెప్పాడు. పొద్దున నల్లది, సాయంత్రం తెల్లది. మర్నాడు పొద్దున తెల్లది, సాయంత్రం నల్లది. ఏ పూట కరెంటు పోతే ఆ మిషనుకు అంతసేపు కలపాలి. ఆ వేసవిలో కరెంటు పోవడానికి వేళాపాళా ఉండేది కాదు కాబట్టి, ఏ మిషనుకు ఎన్ని నిమిషాలు రావాలన్న విషయంలో అన్నయ్యా నేనూ ఆడినంతసేపూ పోట్లాడుకున్నాం.

మా నాయనమ్మ పరీక్ష వేరు. సాయంత్రం సీరియల్ వేళకు టీవీ ఆమెకు అప్పగించాలి.

"ఒరే అబ్బాయ్, టీవీ నుంచి ఏది తొందరగా ఊడొస్తే అది ఉంచు," అని నాన్నకు చెప్పి గుమ్మంలో కూర్చుంది.

మొదటి రోజు నల్లదానికి పరువు పోయింది. దాని క్యాసెట్ మీద లక్ష ఆటలని రాసి ఉంది. నాన్న మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒకటో నంబరు నుంచి ప్రతి ఆటా పెట్టించి చూశాడు. పన్నెండో ఆట దాటాక మళ్లీ మొదటి ఆటే ఇంకో పేరుతో వచ్చింది.

"ఇది ఇందాక చూశాం కదరా."

"ఇందులో గోడ రంగు వేరు నాన్నా," అన్నాడు అన్నయ్య.

"పైన మంచికాయ పోసి, అడుగున తాలు పోశారు," అన్నాడు నాన్న. తాలంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే సరుకు పని అయిపోయినట్టే. అన్నయ్య ముఖం వాడిపోయింది. నేను సంతోషం బయటికి కనిపించకుండా వంటింట్లోకి వెళ్లి నవ్వుకుని వచ్చాను.

రెండో రోజు తెల్లదానికి ఎదురు లేకుండా పోయింది. నేను మీటలు ఒక్కొక్కటే వెతికి నొక్కి నాన్న పేరు ఇంటిపేరుతో సహా కొట్టాను. టీవీ నిండా ఆయన పేరు. నాన్న లేచి టీవీ దగ్గరికెళ్లి చూశాడు. తర్వాత వెళ్లి ఎదురింటాయన్ను పిలుచుకొచ్చాడు. ఆయన తన పేరు కొట్టమన్నాడు. ఆయన భార్య వచ్చింది. గంటలో వీధి సగం మా వసారాలో ఉంది. అందరికీ తమ పేరు టీవీలో రావాలి. ఒకావిడ ఇంగ్లీషు చదవలేదు, అయినా తన పేరులో ఒక అక్షరం తగ్గిందని నన్ను గదమాయించింది. నిజంగానే తగ్గింది. ఎలా కనిపెట్టిందో నాకిప్పటికీ తెలియదు. అందరి పేర్లూ వరసగా పేర్చి ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఒక్క పేరూ లేదు. మర్నాడు పొద్దున్నే ఆ అక్షరం తగ్గిందన్నావిడ మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చి, "నిన్న నా పేరు ఇక్కడే ఉంది, ఏం చేశావు?" అని అడిగింది.

అయినా ఊరంతా నావైపే ఉంది. "కంప్యూటర్ వచ్చిందంటగా మీ ఇంటికి," అని దారిలో ఎవరైనా అడిగితే నాన్న కాదనేవాడు కాదు.

మూడో రోజు సాయంత్రం, పొద్దున కరెంటు పోయిన లెక్కలో నల్లదానికి ఇంకాస్త వేళ రావడంతో, అన్నయ్య ఆఖరి ప్రయత్నంగా తుపాకీ బయటికి తీశాడు. నాలుగు బాతులు ఎగిరితే ఒకటి కూడా పడలేదు. గురి తప్పినప్పుడల్లా మిషను ఒక రకం వెకిలి మోత మోగించేది.

"నవ్వుతోందిరా," అంది నాయనమ్మ.

నాన్న తుపాకీ లాక్కున్నాడు. మంచం మీద నుంచి కాల్చాడు, లేచి నిలబడి కాల్చాడు, చివరికి టీవీకి జానెడు దూరంలో గొంతుక్కూర్చుని కాల్చాడు. అంత దగ్గర నుంచి రెండు బాతులు పడ్డాయి. చెమట తుడుచుకుంటూ, "గాలి మిషను. గురే సరిగ్గా లేదు," అని తీర్పు చెప్పాడు.

అప్పటికి అమ్మ అన్నానికి పిలవడం మూడోసారి. పొద్దుటినుంచీ మిరపకాయలకు తొడిమలు తీసి ఆమె చేతులు మండుతున్నాయి, ఎవరూ కదలడం లేదు. గదిలోకి వచ్చి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి అది. అన్నిటినీ చంపేస్తే అన్నానికి లేస్తారు."

చెంగు బొడ్లో దోపుకుని, గుమ్మం దగ్గరే నిలబడి, ఒక కన్నయినా మూయకుండా కాల్చింది. బాతు పడింది. రెండోది పడింది. వరసగా అన్నీ పడ్డాయి. ఇంకా వేగంగా ఎగిరేవి వచ్చాయి. అవీ పడ్డాయి. అన్నయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఒక్కసారి కూడా ఆ వెకిలి మోత వినపడలేదు.

"ఎక్కడ నేర్చావే?" అన్నాడు నాన్న.

"జొన్నచేలో," అంది అమ్మ. అమ్మది కనిగిరి వైపు, జొన్నలు పండే మెట్ట ఊరు. తుపాకీ మంచం మీద పెట్టి, "కూర చల్లారిపోతోంది," అని వెళ్లిపోయింది.

అన్నం తింటూ నాన్న తన నిర్ణయం చెప్పాడు. తెల్లది ఉంచుకుంటాం. చదువుకీ పనికొస్తుంది, వీధిలో మాటా బాగుంటుంది. అన్నయ్య కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ పోసింది.

నాలుగో రోజు పొద్దున నాన్న నల్లదాన్ని డబ్బాలో సర్దుతుంటే తుపాకీ కనిపించలేదు. మంచం కింద లేదు, టీవీ వెనక లేదు. నేను నేరుగా అన్నయ్య మీదికి వెళ్లాను. వాడు తల్లి మీద ఒట్టేశాడు. నేను నమ్మలేదు, గట్టిగా గిల్లాను. వాడు నా జడ పట్టుకున్నాడు. నాన్న ఇద్దర్నీ విడదీస్తూ, తుపాకీ లేకుండా తిరిగిస్తే గట్టు పక్కవాడి ముందు తలెత్తుకోలేనని కేకలేశాడు.

అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది: "దాన్ని వెతక్కండి. అది ఇక్కడే ఉంటుంది. ఆ తెల్లదాన్ని కట్టండి."

నాన్నకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వెళ్లి బియ్యం డ్రమ్ము మూత తీశాడు. పాత చీర ముక్కలో చుట్టి, తుపాకీ బియ్యంలో ఉంది.

అమ్మ అంతకుముందు ఇంట్లోకి ఫలానాది కావాలని అడగడం నేను ఎప్పుడూ వినలేదు. నాన్నా విని ఉండడు. మూత పెట్టేసి, తెల్లదాని డబ్బా తెచ్చుకుని కట్టసాగాడు. నేను ఏడుస్తూ ఆయన వెంట బస్సెక్కాను.

"ఏది గెలిచింది బావా?" అన్నాడు కొట్టాయన.

"పిల్లలు బాతుల్దే కావాలని ఒకటే గొడవ," అన్నాడు నాన్న.

నేను తలెత్తి ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. బయటికొచ్చాక అడక్కుండానే రెండు గ్లాసుల చెరుకురసం తాగించాడు. ఇంటికి వెళ్లేదాకా ఆ విషయం నేనూ ఎత్తలేదు.

అమ్మ మీద నాలుగైదు రోజులు అలిగాను. ఒకరోజు మధ్యాహ్నం పడుకున్నదాన్ని టీవీ చప్పుడుకు లేచి చూస్తే, అమ్మ ఒక్కతే పీట మీద కూర్చుని బాతుల్ని కొడుతోంది. నన్ను చూసి దొంగతనం బయటపడ్డట్టు నవ్వింది. నేను పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి, పొద్దస్తమానం వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలేదాన్నని చెప్పింది.

"తగిలితే?" అన్నాను.

"తగిలితే ఆరోజు నాకు అన్నం పోయేది కాదు. అందుకని పక్కకు విసిరేదాన్ని. పక్కకు విసరాలన్నా గురి ఉండాలిగా." తెర మీద ఒక బాతు పడింది. "ఇవైతే పడ్డా మళ్లీ వస్తాయి."

తుపాకీ నా చేతికిచ్చింది. నేను మీట నొక్కేలోపే బాతు ఎగిరిపోయింది. మిషను మోత మోగింది. అమ్మ నా మోచెయ్యి కొంచెం పైకెత్తి, "పిట్ట ఉన్నచోట కాదు, పోయేచోట చూడు," అంది. సాయంత్రందాకా ఆడాం. నేను మూడు కొట్టాను. ఈలోగా పొలం నుంచి వచ్చిన నాన్న కాళ్లు కూడా కడుక్కోకుండా మా వెనక నిలబడి, తన వంతు ఎప్పుడని అడిగాడు.