కొండగొర్రె పాలు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడితే, మా తాత నన్ను తన కొలువుకు వెంట తీసుకుపోయేవాడు. దిల్‌సుఖ్‌నగర్ ఇంటి నుంచి సైకిలు మీద, ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న చోటు దాటి, అటవీశాఖ తనిఖీ నాకా దాకా. దేవరకొండ అడవుల్లో శికారు చేసి వచ్చే జీపులు అక్కడ ఆగాలి. కొండగొర్రె అంటే చిన్న అడవి జింక, కొమ్ములు పోతుకే ఉంటాయి. పర్మిట్ ఉంటే ఒక్క పోతునే కొట్టొచ్చు. ఆడదాన్ని కొట్టకూడదు, నాకా దాటేదాకా తల కోయకూడదు. చూసి సంతకం పెట్టడం తాత పని.

ఆ రోజు జీపు దిగినాయన పట్నంలో పెద్ద అధికారి. మన కొలువులు మనకే కావాలని సభల్లో గొంతు చించుకునేవాడు. తాత కూడా ఆ సభలకు పోయి చప్పట్లు కొట్టి వచ్చినవాడే. జీపులో గోనెపట్టా కింద తల లేని కొండగొర్రె ఉంది.

“తల తొవ్వల యాడనో పడ్డది. పోతు అనే రాసుకో. మనోడివే గదా!” అన్నాడాయన.

తాత పట్టా తీసి నన్ను పిలిచాడు. ఇంట్లో మేకల పాలు పిండేది నేనే.

“బిడ్డా, జర చూడు.”

పొదుగు నిండుగా ఉంది. రెండు వేళ్లతో నొక్కితే పాలొచ్చాయి, చల్లబడిన పాలు. దాని పిల్ల ఏ పొదలో అరుస్తోందో అని నేను ఏడ్చాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు!

“పోతుకు పాలెట్ల ఒచ్చినయ్ సారూ?” అన్నాడు తాత.

“ఊరంత లొల్లిల ఉంటే నీ గొర్రెను ఎవడడుగుతడు? కొలువు గావాల్నా, వద్దా?”

తాత పర్మిట్ కాగితం ముందుకు లాక్కున్నాడు. “మన కొలువులు మనకని కొట్లాడేది గిట్ల చేసెటందుకా?” అని, పర్మిట్ మీద ‘ఆడది, పాలున్నది’ అని రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండానే తాత కొలువు పోయింది. ఆ అధికారిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మరుసటి సభలోనూ ఆయనే మాట్లాడాడు. థూ, ఏం మనుషులు!

తర్వాత నేనూ ముప్పై ఏళ్లు సర్కారు కొలువు చేశాను. “మనోళ్లే అక్కా, సంతకం పెట్టెయ్” అని ఎవరైనా ఫైలు ముందుకు జరిపినప్పుడల్లా నా రెండు వేళ్లకు ఆ చల్లటి పాలు తగిలేవి. పెన్నుకు మూత పెట్టేసేదాన్ని.