ఒకే గదిలో రెండు ఊళ్లు

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో, రోహిణి కార్తె ఎండల్లో నన్ను సబ్‌జైల్లో పెట్టారు. మాది మైపాడుకు ఎగువన సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర వల ఎవరు దించాలన్న దాని మీద మాకూ పక్క పల్లెకూ చాలాకాలంగా తగువు. ఆ ఏడు అది కర్రల దాకా వచ్చింది. పోలీసుల లారీ వచ్చేసరికి ఒడ్డున కనిపించిన మగవాళ్లందర్నీ ఎక్కించారు. కొట్టుకున్నవాళ్లూ, విడదీయడానికి వచ్చినవాళ్లూ, తెప్ప నీడన పడుకున్నవాళ్లూ, అందరి మీదా ఒకటే కేసు.

సబ్‌జైల్లో మగవాళ్లకు ఉన్నది ఒకే గది. దొంగతనం కేసులవాళ్లు, సారా కాచినవాళ్లు, జామీను నిలబడే మనిషి లేక నెలల తరబడి వాయిదాలకు తిరుగుతున్నవాళ్లు అప్పటికే అందులో కిక్కిరిసి ఉన్నారు. వాళ్ల మీదికి మా రెండు పల్లెల్నీ తోసి తలుపేశారు. మేము ఒక గోడకు, వాళ్లు ఎదురు గోడకు చేరాలని చూశాం. కుదరలేదు. ముందురోజు నా మీదికి తెడ్డు ఎత్తిన మనిషి మోకాలు ఇప్పుడు నా డొక్కలో ఉంది. అతను నా ఈడువాడే. అతని పక్కన వాళ్ల నాయన, ఉబ్బసంతో బక్కచిక్కిన ముసలాయన.

"కాలు తియ్యి" అన్నాను.

"తీసి యాడ పెట్టమంటావు?" అన్నాడు.

నిజంగానే చోటు లేదు. కొందరు కూర్చోవాలంటే కొందరు నిలబడాలి. గాలి వచ్చేది కటకటాల తలుపు నుంచి మాత్రమే. మూలనున్న మట్టి తొట్టే అందరికీ మరుగుదొడ్డి. దాని పక్కన కూర్చున్నవాడు మొహం తిప్పుకోవడానికి కూడా వీల్లేదు. తాగడానికి పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ. చెంబు ఒక ఊరి చేతిలోనుంచి ఇంకో ఊరి చేతికి పోయేటప్పుడల్లా గదంతా బిగుసుకుపోయేది.

మూడోనాడు పొద్దున అనుకున్నంతా అయింది. చెంబు కోసం ఇద్దరు పెనుగులాడారు. కడవ పక్కకు ఒరిగి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆ తడిలో కొందరు అరచేతులు అద్ది మొహానికి రాసుకున్నారు.

మధ్యాహ్నానికి ముసలాయనకు ఆయాసం ఎక్కువైంది. పిల్లికూతలు గది నాలుగు మూలలకూ వినపడుతున్నాయి.

"మా నాయనకు ఊపిరాడటంలా. తలుపు కాడికి పోనీండి" అన్నాడు కొడుకు.

తలుపు దగ్గర ఉన్నది మావాళ్లు. ఒక్కరూ కదల్లేదు. నేను ముసలాయన వైపు చూశాను. గోళ్లు నీలంగా మారుతున్నాయి. లేచి, కటకటాలకు ఆనుకుని కూర్చున్న మా మేనమామ చెయ్యి పట్టుకున్నాను.

"మామా, లేయి."

"వాళ్లకా?"

"ముందు నువ్వు లేయి."

మామ లేచాడు. ముసలాయన్ను చేతుల మీదుగా తలుపు దాకా చేర్చాం. నీళ్ల కోసం కేకలేశాం. హెడ్డు కానిస్టేబులు వరండాలోనుంచే చూశాడు.

"నాటకాలాడతా ఉండారు. తలుపు తీస్తే మీలో ఒక్కరన్నా మిగలతారా?" అని వెళ్లిపోయాడు.

అప్పుడు, జామీను దొరక్క చాలా నెలలుగా అక్కడే ఉన్న ఒక రిమాండు ఖైదీ మెల్లగా అన్నాడు. "తిండి ముట్టకండి. అందరూ మానేస్తే ఈ మాట మేజిస్ట్రేటు చెవిన పడకుండా దాచలేరు."

కూడు వచ్చింది. రెండు ఊళ్లవాళ్లూ చెయ్యి చాపలేదు. దొంగతనం కేసులవాళ్లూ చాపలేదు. హెడ్డు మొహం మారిపోయింది. దీనికంతటికీ మూలం అతనేనని ముసలాయన కొడుకును బయటికి లాక్కుపోయారు. వరండా చివర లాఠీ దెబ్బలు వినపడుతుంటే మేము నేల చూపులు చూస్తూ కూర్చున్నాం. తండ్రి కటకటాలు పట్టుకుని లేవబోయాడు గానీ ఆయాసం లేవనివ్వలేదు. కొడుకును తిరిగి లోపలికి తోసినప్పుడు చేతులు రెండూ వాచి ఉన్నాయి. అన్నం గిన్నెలు అలాగే ఉన్నాయి.

ఎవరూ తిండి ముట్టలేదన్న కబురు అంది, ఎండ వాలుతుండగా మేజిస్ట్రేటు వచ్చాడు. హెడ్డు ఆయన వెనకే నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

"ఏమిటి మీ ఫిర్యాదు?" అన్నాడు మేజిస్ట్రేటు.

నేను లేచి నిలబడ్డాను.

"చెప్పేదేం లేదయ్యా. మీరొకసారి లోపలికి రండి."

తలుపు తీయించాడు. ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది పెట్టడానికి జాగా కోసం చూశాడు. వాసన తగిలి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గాడు.

"ఇది ఎంతమందికి కట్టిన గది?"

హెడ్డు చెప్పింది మాకు వినపడలేదు.

"వీళ్లలో శిక్ష పడినవాళ్లు ఎందరు?"

"లేరండి. అందరూ రిమాండే."

మమ్మల్ని అక్కడికి పంపిన కాగితాల మీద ఉన్నది ఆయన సంతకమే.

ముసలాయన్ను ఆసుపత్రికి పంపించాడు, కొడుకును తోడు పంపమన్నాడు. కడవలకు కడవలు నీళ్లు తెప్పించాడు. సగం మందిని మర్నాడు పెద్ద జైలుకు మార్చారు. మిగిలినవాళ్లను పగటిపూట కాపలాతో పెరట్లోకి వదిలారు. హెడ్డుకు ఏమీ కాలేదు. మేము బెయిలు మీద వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు, మా మొహాల్లోకి చూడటం మాత్రం మానేశాడు.

ముసలాయన బతికాడు, మళ్లీ తెప్ప ఎక్కలేదు. కొడుకు కుడిచేతి రెండు వేళ్లు సరిగ్గా ముడుచుకోవు, వల అల్లలేడు. కేసు చివరికి రాజీలో పోయింది.

మేము వచ్చేసిననాడు, తిండి మానమన్న ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. "మీకు ఊరుండాది, వచ్చి విడిపించుకుంటాది" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. చేపల కాలం అయ్యాక ఊరిపెద్దను ఒప్పించి, జామీను నిలబడతానన్న మామను వెంటబెట్టుకుని వెళ్లాను. అతన్ని వేరే చోటికి మార్చారన్నారు. ఎక్కడికని అడిగితే తెలియదన్నారు. కోర్టు గుమాస్తాను అడిగాం, ఆయన కూడా అదే చెప్పాడు. సాయంత్రం దాకా తిరిగి బస్సెక్కాం. జామీను కోసం తెచ్చిన ఇంటిపన్ను రసీదును మామ దారంతా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.