సీసాలోకి గాలిని దించమన్న అవ్వ

డెబ్బయ్యో దశకం చివర్లో నేను ఆదోనిలో ఉంటూ, పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె బడిలో సైన్సు చెప్పేదాన్ని. రోజూ ఎర్రబస్సులో పోయి వచ్చేదాన్ని. సైన్సు సామాను అంటూ బడిలో ఒక అయస్కాంతం, అంచు విరిగిన భూతద్దం ఉండేవి. అందుకని ఆదోని బజార్లో బెలూన్లు కొనుక్కుపోయేదాన్ని. పుల్లకు రెండు కొసలా ఊదిన బెలూన్లు కట్టి, సరిగ్గా తూగాక ఒకదాన్ని సూదితో పొడిస్తే రెండోది కిందికి దిగేది. గాలికి బరువుందని నేను నోటితో చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఒకరోజు ఖాళీ సీసా మూతికి బెలూన్ తొడిగి, వేడినీళ్ల గిన్నెలో పెట్టించాను. వేలాడుతున్న బెలూన్ మెల్లగా లేచి నిలబడింది. చన్నీళ్లలో పెడితే మళ్లీ వాలిపోయింది. పిల్లలు వంతులు వేసుకుని మధ్యాహ్నందాకా అదే చేశారు.

మర్నాడు ఒక అవ్వ బడికి వచ్చింది. ఆమె మనవరాలు ఆరో తరగతి పిల్ల. కొంతకాలంగా బడికి రావడం లేదు.

"టీచరమ్మా, సీసాలో గాలిని పట్టినావంట కదా. పిల్లోళ్లు సెప్తాండారు" అంది.

"అవునవ్వా."

"మా పాపకు గాలి సోకిందమ్మా. ఉన్నట్టుండి పడిపోతాది. కాళ్లూ సేతులూ కొట్టుకుంటాది. యాడాడికో తిప్పినాము. దాన్ని నువ్వు ఈ సీసాలోకి దించు తల్లీ."

పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లు నవ్వి ఉంటే నేనూ నవ్వేదాన్నేమో.

"ఇందులోది మామూలు గాలే అవ్వా. మనం పీల్చుకునేదే" అన్నాను.

"గాలి గాలే కదమ్మా. కంటికి కనపడనిదాన్ని లేపి నిలబెట్టినావు. ఇదొక్కటి సెయ్యలేవా?"

పీల్చే గాలికీ, సోకే గాలికీ ఒకటే మాట కావడం ఆమె తప్పు కాదు. పాపను తీసుకురమ్మన్నాను.

పాప మెడనిండా తాయెత్తులతో వచ్చింది. సీసాను తానే వేడినీళ్లలో పెట్టింది, తానే తీసింది. పడిపోయేటప్పుడు ఎట్లా ఉంటుందని అడిగాను.

"ఏమీ గుర్తుండదు టీచర్. లేసినాక సూస్తే నాలుక కొరుక్కోనుంటాను."

మా బంధువుల్లో ఒకరికి మూర్ఛ ఉండేది కాబట్టి నాకు అర్థమైంది. ఆదోనిలో డాక్టరుకు చూపిద్దామన్నాను. అవ్వ బల్ల మీది సీసా వైపు చెయ్యి చూపించింది.

"వస్తాము గానీ, ఆ సీసా గూడా రావాల."

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, బెలూన్‌కు ఎండ తగలకుండా కొంగు కప్పి కూర్చుంది. ఇదేమిటని డాక్టరు అడిగాడు.

"గాలిని పట్టేదప్పా" అంది అవ్వ.

ఆయన నావైపు చూశాడు. సీసాను జాగ్రత్తగా బల్ల మీద ఒక పక్కన పెట్టి, పాపను పరీక్ష చేసి, మూర్ఛేనని చెప్పి మాత్రలు రాశాడు.

"సీసా ఉంటే ఉండనీ. మాత్ర మాత్రం ఒక్కపూట గూడా మానకూడదు" అన్నాడు. అవ్వ సరేనంది. మాట తప్పలేదు కూడా.

మూర్ఛలు తగ్గుతూ వచ్చాయి. పాప మళ్లీ బడికి వచ్చింది. వేడికి గాలి వ్యాకోచిస్తుందని చిన్న తరగతుల పిల్లలకు తనే చేసి చూపించేది. ఇంట్లో అవ్వ మాత్రం టీచరమ్మ గాలిని దించిందని అందరికీ చెప్పేది. ఒకే ఇంట్లో రెండు మాటలూ గొడవపడకుండా ఉన్నాయి.

తర్వాత పక్క ఊళ్ల ఆడవాళ్లు బిడ్డలను పిలుచుకుని నా దగ్గరికి రావడం మొదలైంది. నేను ఆస్పత్రికి పొమ్మనేదాన్ని. "సీసా ఈయవా అమ్మా?" అని అడిగేవాళ్లు. అవసరం లేదంటే, కొందరు అటునుంచి అటే ఇంటికి పోయారు. అది తెలిశాక, అడిగినవాళ్లకు సీసా, బెలూన్ ఇచ్చి పంపాను. సైన్సు టీచరు చేయవలసిన పనేనా అని తోటి టీచరు ఒకరు అడిగారు. ఆ సాయంత్రం బజార్లో ఇంకో పొట్లం బెలూన్లు కొన్నాను.

ఎనభైల్లో నన్ను ఎమ్మిగనూరుకు బదిలీ చేశారు. ఆ పాపకు పెళ్లయి హొళగుంద వైపు పోయిందని, మాత్రలు ఇంకా వాడుతోందని ఆ ఊరివాళ్లు బస్టాండులో కలిసినప్పుడు చెప్పారు.