పంజాగుట్ట దాటాక లేచాను

ఈ సాయంత్రం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కగానే సీటు దొరికింది. దిగాల్సింది అమీర్‌పేటలో. పోయిన నెల కొన్న స్మార్ట్ వాచీలో నా నిద్ర, నా గుండె, నా అడుగులు చూసుకుంటూ కూర్చున్నాను. దారంతా తల ఎత్తలేదు.

పంజాగుట్ట దాటుతుండగా వాచీ వణికింది. అరగంటగా కూర్చునే ఉన్నారు, కాసేపు నిలబడండి అంది. డాక్టరు చెబితే వినను గానీ అది చెబితే వింటాను. లేచాను.

పక్కనే కమ్మీ పట్టుకుని ఉన్న ఒక పెద్దావిడ వెంటనే నా సీట్లో కూర్చుని, మోకాళ్లు ఒత్తుకుంటూ నా వైపు చూసింది.

"సల్లగుండు బిడ్డా. మలక్‌పేట నుంచి నిలబడే వస్తున్న. ఒక్కలు సుత లేవలే."

ఎదురు సీట్లో కాలేజీ అమ్మాయి నన్ను మెచ్చుకోలుగా చూసింది. మలక్‌పేట నుంచి ఆవిడ నా మోచేతి పక్కనే ఉందన్నమాట. నిజం చెప్పేద్దామని నేను మాటలు కూడదీసుకునేలోగా అమీర్‌పేట వచ్చేసింది. ఆవిడ కూడా లేచింది.

"నేను సుత గిక్కడ్నే దిగాలె," అంది.

కూర్చున్నది ఒక్క స్టేషను. అంత దీవెన దానికే.

తలుపు దగ్గర వాచీ మళ్లీ వణికింది. శభాష్, లక్ష్యం పూర్తయిందట. మెట్ల దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీ అసొంటోళ్లు ఉండాలె," అంది.

మీరైతే అప్పుడైనా నిజం చెప్పేవారేమో. నేను "పర్లేదమ్మా" అన్నాను.