గోడలోంచి వినపడ్డ ఏడు పాటలు

మొన్న ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా అమ్మాయి పక్కన గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. లెర్నర్స్ పర్మిట్ వచ్చిన దగ్గర్నుంచీ షికాగో పక్కనున్న మా నేపర్‌విల్ వీధుల్లో కారు తను నడుపుతుంది, బ్రేకులు నేను వేస్తాను, నా కాళ్ల దగ్గర బ్రేకు లేకపోయినా సరే. స్పీకర్లలో తన పాటలేవో మోగుతున్నాయి. ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైంది. ముందు బేస్ గిటార్ ఒక్కటే, ఖాళీ ఇంట్లో ఎవరో చెప్పులతో నడుస్తున్నట్టు. నాలుగు అడుగులు పడేసరికి పాటేదో గుర్తుపట్టాను. "డాడీ, ఈ బ్యాండ్ మళ్లీ కలిసింది తెలుసా? షికాగో వస్తుంది వాళ్లు!" అంది తన వచ్చీరాని తెలుగులో. కారు మా ఇంటి ముందు ఆగకముందే అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఫోను. హలో కూడా లేదు. "అబ్బయా, చూసినావా? వస్తా ఉండారు!" అని కేక. కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో వందమందికి పెద్దగా ఉన్న మనిషి కేక కాదది. ఇరవై రెండేళ్ల కిందట నాతో ఒకే గదిలో ఉన్న నెల్లూరు కుర్రాడిది.

మా స్నేహితుల ఇళ్లలో ఎక్కడ నలుగురం చేరినా ఒక కథ వస్తుంది. ఈ ఇంగ్లండు బ్యాండు షోకి మేమిద్దరం వెళ్లడం, పార్క్ చేసిన కారును టో ట్రక్కు ఎత్తుకుపోవడం, నేను మంచులో ఊరంతా పరిగెత్తి దాన్ని విడిపించుకురావడం, ఈలోగా షో కాస్తా అయిపోవడం. చెప్పేది వాడే. మా గృహప్రవేశంలో కూడా ప్లేటు పట్టుకుని, "పాపం వీడు, చలికాలంలో చొక్కా తడిసిపోయేట్టు పరిగెత్తినాడు" అని చెప్పాడు. అందరూ నన్ను జాలిగా చూశారు. ఆ కథ అబద్ధం. ఏ ట్రక్కూ మా కారును ఎత్తుకుపోలేదు. అల్లింది నేను.

అప్పుడు మేం ఇల్లినాయిలోనే ఒక చిన్న ఊళ్లో ఎం.ఎస్. చదువుతున్నాం. కారు నాది, పాతది. లైసెన్సు కూడా నాకొక్కడికే ఉంది. ఫ్రిజ్ మీద కుకింగ్ టర్నుల కాగితం ఉండేది: సోమ, బుధ, శుక్ర నేను, మిగతావి వాడు, ఆదివారం ఎవరికి ఓపికుంటే వాళ్లు. వాడికి ఈ బ్యాండంటే పిచ్చి. ఉత్తర ఇంగ్లండులో ఎప్పుడూ ముసురు పట్టే ఊరు వాళ్లది, నలుగురు. మొదటి ఆల్బమ్ ఎవరిదో కారు షెడ్డులో రికార్డు చేశారు. గిటార్ వింటే రేకుల కప్పు మీద వాన పడ్డట్టే ఉండేది. రెండో ఆల్బమ్‌తో పెద్ద పేరొచ్చింది. మూడోదాంట్లో పాత చర్చి ఆర్గన్ ఒకటి తెచ్చి పెట్టేసరికి అభిమానులు సగం మంది తిట్టిపోశారు. మావాడు మాత్రం ఆ ఆర్గన్‌కి లేచి నిలబడేవాడు.

నేను వరంగల్ నుంచి వచ్చినవాణ్ణి, నా చెవులు వేరే పాటలకు అలవాటుపడ్డవి. "ఏందిర ఈ లొల్లి? వాషింగ్ మెషిన్ల రాళ్లు ఏసినట్టుంది" అనేవాణ్ణి. వాడికి కోపం రాదు. పోపు పెడుతూ పాఠం చెప్పేవాడు. గిటార్ వినొద్దు, అందరూ వినేది అదే, నువ్వు బేస్ విను. అది వాయించే ఆమె ముందు నడుస్తుంది, డ్రమ్ములు అర అడుగు వెనక నడుస్తాయి, ఆ సందులో నిలబడి సింగర్ పక్కింటివాడితో మాట్లాడుతున్నట్టు మొదలుపెడతాడు, పాట చివరికి ఎప్పుడు అరుస్తున్నాడో తెలీకుండా అరుస్తుంటాడు. ఇలా చెబుతుండగా పోపు మాడేది. ఆవాల వాసనతో పాటు ఆ బేసు కూడా నాకు తెలీకుండా నాలో దిగిపోయిందని నాకు తర్వాత గానీ తెలీలేదు.

వాళ్లు షికాగో వస్తున్నారని తెలియగానే వాడు రెండు టికెట్లు కొన్నాడు. రెండోది నా డ్రైవింగుకు. అది చాలదన్నట్టు నా సోమ, బుధ, శుక్రవారాలు కూడా సెమిస్టరంతా వాడే వండాడు. నేను టీవీ ముందు కాళ్లు చాపుకుని, "ఉప్పు తక్కువైంది" అనేవాణ్ణి.

షో సాయంత్రం ఆరుకి. మూడు గంటల ప్రయాణం, దారంతా మంచు. హాలు ముందు వాణ్ణి దింపి పార్కింగ్ వెతుక్కుంటూ వెళ్లాను. ఏ కాగితమైనా పారేసుకుంటానని వాడికి భయం, స్టూడెంటు వీసా కాగితం ఐ-ట్వంటీ కూడా నా ఫైల్లోనే దాచుకునేవాడు. అందుకని టికెట్లు రెండూ నా జాకెట్‌లో ఉన్నాయి. మా ఇద్దరికీ సెల్‌ఫోన్లు లేవు. హాలు వెనక సందులో చోటు దొరికింది. దిగాను. గోడలోంచి బేస్ మొదలైంది. పక్కనే హాల్లోకి ఇంకో తలుపు, దాని దగ్గర ఒకాయన టికెట్లు చూస్తున్నాడు. ఒక్క పాట విని ముందువైపు వెళ్లి వాణ్ణి తెచ్చుకుందామనుకుని లోపలికి నడిచాను.

ఆ తర్వాత జరిగింది ఎవరికీ చెప్పుకోలేదు, అదే నాకు పడ్డ శిక్ష. ఎంత బాగుందో! బేస్ వాయించే ఆవిడ మా వైపు వీపు పెట్టి, డ్రమ్మర్‌ని చూస్తూ వాయిస్తోంది. నేల వణికి, ఆ వణుకు నా మోకాళ్లలోకి ఎక్కింది. గిటార్ వాన కురిసింది. వాడు పోపు దగ్గర చెప్పిన ఆ అర అడుగు సందు నాకు కళ్లెదుట కనిపించింది. రెండో పాటకు ఎగురుతున్నాను, మూడోదానికి ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి అరుస్తున్నాను. అప్పుడు వాడు గుర్తొచ్చాడు. తలుపు దగ్గరికి వెళ్లాను. బయటికి వెళ్లొచ్చు గానీ తిరిగి రానివ్వం అన్నాడు తలుపు దగ్గరాయన. వాడి టికెట్ వాడికిచ్చి నేను కారులో కూర్చుంటే సరిపోయేది. అంత చిన్న లెక్క. అంతలో వెనక ఆర్గన్ మొదలైంది. వెనక్కి తిరిగాను.

నూటపది నిమిషాల తర్వాత ముందువైపు వెళ్తే, వాడు గుమ్మం చూరు కింద రెండు కాఫీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఒకటి నాకు. రెండూ చల్లారిపోయాయి. ఏదో అడిగాడు. నా చెవులు గింగురుమంటున్నాయి, వినపడలేదు. మళ్లీ అడిగాడు: "నీకేం కాలేదు కదరా?" అప్పుడు వచ్చింది నా నోట్లోంచి టో ట్రక్కు. వాడు నా తడిసిన చొక్కా చూసి నమ్మాడు. తిరిగొచ్చేటప్పుడు నన్ను ఓదార్చడానికి వాళ్ల సీడీయే పెట్టి, "పోనీలేరా, గోడలోంచి బేస్ వినపడింది. ఏడు పాటలు గుర్తుపట్టినా" అన్నాడు.

రెండు నెలలకు గిటారిస్టూ సింగరూ మాటలు మానేశారు, బ్యాండు విడిపోయింది. డ్రమ్మర్ బేకరీ పెట్టుకున్నాడట. ఇక మళ్లీ షో అనేదే లేదు కాబట్టి నిజం చెప్పినా వాడి బాకీ తీర్చలేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకు పోయింది. వాడు ఫోన్‌లో, "ఈసారి టికెట్లు నా దగ్గర పెట్టుకుంటా, నువ్వు ముందు కారు సంగతి చూస్కో" అని నవ్వుతుంటే, ఇంటి ముందు కారులోనే కూర్చుని, పక్కన అమ్మాయి వింటుండగానే అంతా చెప్పేశాను.

ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. వాడు నెమ్మదిగా, "మొదట ఏ పాట?" అన్నాడు. చెప్పాను. "ఆమె ఎటు తిరిగి వాయించింది? ఆర్గన్ ఎవరు పట్టినారు?" చెప్పాను. గంటసేపు పాట తర్వాత పాట అడిగాడు, చెప్పేకొద్దీ నా గొంతు పెరుగుతూ పోయింది, అమ్మాయి గుడ్లప్పగించి చూస్తోంది. అంతా విని వాడన్నాడు: "లోపలికి పోయినావు, సరే. నేనైనా ఆగలేకపోదునేమో. ఇదంతా ఇన్నేళ్లు నాకు చెప్పకుండా దాచుకున్నావే, అదిరా." మళ్లీ వాడే, "ఒక్క టికెట్టే బుక్ చేస్తా ఉండా. ఈసారి నువ్వు బయట" అన్నాడు.

అక్టోబరులో వచ్చాడు. నేనే డ్రైవ్ చేశాను. అదే హాలు, అదే సాయంత్రం ఆరు. నెరిసిన జుట్టుతో, చిన్నపిల్లాడిలా వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తాడు. నేను చూరు కింద రెండు కాఫీలు పట్టుకుని నిలబడ్డాను. గోడకు వీపు ఆనిస్తే బేస్ అందింది. లోపల ఎగురుతున్నది వాడు, దడదడలాడుతున్నది నా గుండె. ఆర్గన్ పాట వచ్చినప్పుడు ఫుట్‌పాత్ మీద ఒక్కణ్ణీ పాడాను, కుక్కను తిప్పుతున్న ఒకావిడ ఎదుటివైపు దాటిపోయింది.

బయటికొచ్చేసరికి వాడి గొంతు పోయింది, చొక్కా తడిసింది. చల్లారిన కాఫీ అందుకుని గటగటా తాగేశాడు. "ఎన్ని గుర్తుపట్టినావు?" అన్నాడు. తొమ్మిది అన్నాను. "నాకంటే రెండెక్కువ. గోడ పల్చన చేసినట్టుండారు" అన్నాడు. కారెక్కాక మొదటి పాట నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, ఆ పోయిన గొంతుతోనే, నేపర్‌విల్ దాకా.

ఆనాడు లోపల నాకు నూటపది నిమిషాలు ఎటు పోయాయో తెలియలేదు. అవి ఎంత పొడుగో తెలుసుకోవడానికి ఇరవై రెండేళ్లూ, ఒక గోడకు ఇవతలి వైపూ కావలసి వచ్చాయి.